వెస్ట్రే గని వివాదము: ఒక సమీక్ష

కెనడా దేశమునకు తూర్పు అంచున, అట్లాంటిక్ సముద్రమునకు చొచ్చుకొనిపోయియున్న నోవాస్కోషియా రాష్ట్రములో, పిక్టో మండలమందలి ప్లిమత్ అను పల్లె చెంత, 1991 సెప్టెంబరు 11వ తేదీన ప్రభుత్వ పెద్దల సమక్షమున ప్రారంభోత్సవము జరుపుకొన్న వెస్ట్రే అను భూగర్భ బొగ్గుగని, పదునైదు సంవత్సరములు నిరాటంకముగా నడచునని అందరి నమ్మకమును చూరగొన్నదైనను, ఎనిమిది మాసములైన నిండకముందే, 1992 మే 9వ తేదీ తెల్లవారుజామున ప్రేలిపోయి, ఆ వేళ లోపల పనిచేయుచున్న 26 మంది కార్మికులను ఒక్కరినైన విడువక బలిగొని, మరల తెరువబడకుండ మూతపడినది.

గని బ్రతికిన కాలము ఇంత స్వల్పమైనను, దానిని గూర్చిన వాదోపవాదములు మూడు దశాబ్దములు దాటియు ముగియలేదు. పోలీసు దర్యాప్తు, క్రిమినలు అభియోగములు, సుప్రీంకోర్టు తీర్పులు, న్యాయమూర్తి నడపిన విచారణ సంఘము, పార్లమెంటు శాసనము, పండితుల గ్రంథములు, ఇతర షిఫ్టులలో పనిచేసి ప్రాణములతో మిగిలిన కార్మికుల వాఙ్మూలములు ఒకదానిపై నొకటి పేరుకొనగా, ఈ విషయమును నేడు చదువబూనిన వారికి, దోషము ప్రకృతిదా, కార్మికులదా, యజమానులదా, ప్రభుత్వముదా అను ప్రశ్న ఎదురై, నాలుగు వైపులనుండి నాలుగు సమాధానములు వినవచ్చుచున్నవి. ఈ సమాధానములు పరస్పర విరుద్ధములుగా కనబడుటకు ముఖ్యకారణము, అవి ఒకే ప్రశ్నకు చెప్పబడినవి కాకపోవుటయే. వాయువును రగిల్చినది ఏది అనునది మొదటి ప్రశ్న. రగులుటకు తగినంత వాయువును బొగ్గుధూళియు అచట ఏల ప్రోగైనవి అనునది రెండవ ప్రశ్న. ప్రోగగుటను ఎరిగినవారు దానిని ఏల ఆపలేదు అనునది మూడవ ప్రశ్న. ఈ మూటిని వేరుపరచి చూచినచో, వివాదములో తేలినది ఎంతయో, తేలక మిగిలినది ఎంతయో స్పష్టపడును.

పూర్వరంగము

ఈ గని కథ 1991లో మొదలైనది కాదు. పిక్టో మండలమున లండను నగరమునకు చెందిన జనరల్ మైనింగ్ అసోసియేషను అను సంస్థ 1827లోనే పెద్దయెత్తున త్రవ్వకమునకు పూనుకొనెను. ఆల్బియన్ మైన్స్ అను పేరుతో వెలసి, తరువాత స్టెల్లార్టన్ అని పేరు మార్చుకొన్న పట్టణము ఆ త్రవ్వకము చుట్టును పెరిగినదే. అచటి పొరలలో ఫోర్డ్ పొర మిక్కిలి ప్రసిద్ధి గన్నది. కొన్నిచోట్ల పది మీటర్లకు మించిన మందము గల ఆ పొర త్రవ్వువారికి ఎంత ఆశను కల్పించినదో, దాని స్వభావము అంత భయమును కలిగించినది: అందులో మీథేన్ వాయువు సమృద్ధిగా ఊరును, భూభ్రంశములు దానిని పలుచోట్ల చీల్చియున్నవి, పైకప్పు బలహీనము, బొగ్గు తనంతట తాను వేడెక్కి రాజుకొను గుణము గలది.

ఆ ప్రాంతమందలి ప్రేలుళ్ల చరిత్ర దీర్ఘమైనది. వెస్ట్‌విల్ పట్టణమందలి డ్రమ్మండ్ గనిలో 1873 మే నెలలో జరిగిన ప్రేలుడులో సుమారు 60 మంది మరణించిరి. 1880లో ఫోర్డ్ గనిలో నలభైమందికి పైగా పోయిరి. 1918 జనవరి 23వ తేదీన స్టెల్లార్టన్‌లోని ఆలన్ గని ప్రేలినప్పుడు 88 మంది కుటుంబములు అనాథలైనవి. ఆ మండలమున తండ్రినో తాతనో గనికి ఒప్పగింపని ఇల్లు అరుదు. కావున ఫోర్డ్ పొర ప్రమాదకరమైనదను విషయము క్రొత్తగా కనుగొనవలసినది కాదు. అది వెస్ట్రేకు నూరు సంవత్సరముల ముందే ఊరందరును ఎరిగిన సత్యము. తరువాతి వాదములన్నింటికిని ఈ ఎరుకయే పునాది.

గని జన్మవృత్తాంతము

ఇరువదవ శతాబ్ది మధ్యభాగము దాటునప్పటికి పిక్టో గనులు ఒకటొకటిగా మూతపడి, నిరుద్యోగము ఆ మండలమును పీడింపసాగెను. అదే కాలమున, ఉత్తర అమెరికా ఖండమున ఆమ్లవర్షములను గూర్చిన ఆందోళన పెరుగగా, గంధకము తక్కువగా గల బొగ్గునకు గిరాకి హెచ్చెను. ఫోర్డ్ పొర బొగ్గు అట్టిది; సమీపముననే ట్రెంటన్ విద్యుత్కేంద్రము కలదు. ఈ రెండు అవసరములును కలిసికొన్న చోట, క్లిఫర్డ్ ఫ్రేమ్ నాయకత్వమందలి కరా రిసోర్సెస్ అను కంపెనీ 1980 దశకపు ఉత్తరార్ధమున రంగప్రవేశము చేసినది.

పెట్టుబడిలో ప్రభుత్వముల పాత్రను గమనింపక ఈ వివాదమును అర్థము చేసికొనుట అసాధ్యము. బ్యాంక్ ఆఫ్ నోవాస్కోషియా ఇచ్చిన 10 కోట్ల డాలర్ల అప్పునకు, అందులో 85 శాతము మేరకు, కెనడా కేంద్రప్రభుత్వము పూచీపడెను. రాష్ట్రప్రభుత్వము 1 కోటి 20 లక్షల డాలర్లు అప్పిచ్చుటయే గాక, ఏటేట 2,75,000 టన్నుల బొగ్గును తాను కొందుననియు, కొననిచో దాని వెల చెల్లింతుననియు ఒప్పుకొనెను. రాష్ట్ర విద్యుత్సంస్థ పదునైదు సంవత్సరములపాటు ఏటికి 7,00,000 టన్నులు కొనుటకు ఒడంబడిక చేసికొనెను. కంపెనీ స్వయముగా ఒడ్డిన ధనము వీనితో పోల్చినప్పుడు అల్పము.

రాజకీయముగా కూడ ఈ పథకము బలమైన అండగలది. ప్రధాని బ్రయన్ మల్రోనీ 1983లో తొలిసారి పార్లమెంటునకు ఎన్నికైనది ఈ ప్రాంతపు నియోజకవర్గము నుండియే. రాష్ట్ర పరిశ్రమల మంత్రిగా పథకమును భుజముపై వేసికొని నడిపించిన డోనల్డ్ కామెరాన్ పిక్టో మండలపు శాసనసభ్యుడు; 1991 ఫిబ్రవరిలో ఆయనయే రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యెను. సుమారు మూడు వందల ఉద్యోగములు కల్పింపబడునను వాగ్దానము, 1988 నాటి శాసనసభ ఎన్నికల వేళ ఆ మండలమున ఎంత విలువగలదో ఊహించుట కష్టముకాదు. కేంద్రప్రభుత్వమందలి కొందరు ఉద్యోగులు ఈ పెట్టుబడిని సందేహించినను, ఆ సందేహములు రాజకీయ సంకల్పము ముందు నిలువలేకపోయెను.

ఎనిమిది మాసముల జీవితము

ప్రవేశమార్గముల త్రవ్వకమునందే చిక్కులు మొదలైనవి. మొదట నిర్ణయింపబడిన మార్గరేఖ మార్చబడి, క్రొత్తరేఖ భూభ్రంశములగుండ పోయినందున పైకప్పు మాటిమాటికి విరిగిపడసాగెను. ఉక్కుబోల్టులతో బిగించినను నిలువని చోట్లు అనేకములు. ఉత్పత్తి వెనుకబడుకొలది, విద్యుత్సంస్థకు ఒప్పుకొన్న టన్నుల ఒత్తిడి నిర్వాహకులపై పెరిగెను; ఆ ఒత్తిడి మెట్టుమెట్టుగా క్రిందికి దిగి, పండ్రెండు గంటల షిఫ్టులలో పనిచేయు కార్మికులపై పడెను. ఉత్పత్తిని బట్టి బోనసు చెల్లించు పద్ధతి ఆ ఒత్తిడిని ఇనుమడింపజేసినది.

కార్మికులలో చాలమంది కఠినశిలల గనులలో పనిచేసినవారేకాని బొగ్గుగని నెరిగినవారు కారు; కొందరు యువకులు గనిపనికే క్రొత్తవారు. వారికి లభించిన శిక్షణ నామమాత్రము. బొగ్గుగనిలో వాడరాని, నిప్పురవ్వలు చిమ్ము అవకాశము గల సాధారణ ట్రాక్టర్లు లోపల తిరిగినవనియు, లోహమును కోయు గ్యాసు జ్వాలలు నిషిద్ధస్థలములలో ఉపయోగింపబడినవనియు, మీథేన్ పరిమితి దాటినప్పుడు యంత్రమును ఆపవలసిన పరికరములు పని సాగుటకై నిష్క్రియము చేయబడినవనియు సాక్షులు తరువాత చెప్పిరి. బొగ్గుధూళిపై చల్లవలసిన రాతిపొడి సంచులు గనిలో నిలువయున్నను, చల్లు పని నియతముగా జరుగక, షిఫ్టు ముగిసిన పిమ్మట ఎవరైన ముందుకు వచ్చినప్పుడు మాత్రము సాగుచుండెను. 1992 మార్చి చివర, నైరుతి భాగమందలి ఒక విభాగము నేల ఒత్తిడికి తాళక వదలివేయబడినది. అచట ఊరు వాయువు పనిచేయుచోట్లకు రాకుండ అడ్డగించు ఏర్పాటు చాలినంతగా లేదు.

ఆ సంవత్సరారంభమున కార్మికసంఘము నెలకొల్పుటకై జరిగిన ఓటింగులో, యునైటెడ్ మైన్ వర్కర్స్ సంఘము స్వల్పమైన తేడాతో ఓడిపోయినది. ఏప్రిల్ 29వ తేదీన రాష్ట్ర కార్మికశాఖ తనిఖీ అధికారి, రాతిపొడి తక్షణము చల్లవలెనని లిఖితపూర్వకముగా ఆజ్ఞలు జారీచేసెను. ఆ ఆజ్ఞ పాటింపబడినదా లేదా అని చూచుట మాత్రము జరుగలేదు. ఇదంతయు ఒకవైపు జరుగుచుండగా, 1991వ సంవత్సరమునకు కెనడాలో మిక్కిలి సురక్షితమైన బొగ్గుగనికి ఇచ్చు జాన్ టి. ర్యాన్ బహుమానము ఈ గనికే దక్కుట, ప్రమాదములను కంపెనీ స్వయముగా లెక్కవేసి పంపు నివేదికల మీద ఆధారపడు పద్ధతి ఎంత బలహీనమో చూపించు నిదర్శనము.

మే 9: తేలిన అంశము

మూడు ప్రశ్నలలో మొదటిదానికి సమాధానము చాలవరకు స్థిరపడినది. మీథేన్ గాలిలో సుమారు 5 నుండి 15 శాతము వరకు ఉన్నప్పుడు ప్రేలుటకు అనుకూలమైనది. నైరుతి భాగమందే పని సాగుచున్న వేరొక విభాగమున, త్రవ్వకపు ముఖమువద్ద బొగ్గును కోయుచున్న కంటిన్యూయస్ మైనర్ అను యంత్రపు ఉక్కుపండ్లు గట్టిరాతికి తగిలి రేపిన రవ్వలు అచట నిలిచిన మీథేన్‌ను అంటించెననియు, ఆ మంట పైకప్పు వెంబడి ప్రాకి వాయువిస్ఫోటనముగా మారెననియు, దాని తాకిడికి నేలమీది బొగ్గుధూళి పైకెగసి, గని యంతటను వ్యాపించిన మహావిస్ఫోటనమునకు ఇంధనమయ్యెననియు విచారణ సంఘము నిర్ధారణ చేసినది. మీథేన్ ఒక్కటే ప్రేలియుండినచో నష్టము కొంతచోటికి పరిమితమై యుండెడిది. ధూళి తోడగుటచేతనే మృత్యువు మూలమూలలకును చేరినది.

ధూళి వలని ప్రమాదము గనిశాస్త్రమునకు అజ్ఞాతము కాదు. 1906లో ఫ్రాన్సుదేశమందలి కూరియేర్ గనులలో 1,099 మంది మరణించిన తరువాత, బొగ్గుధూళిపై సున్నపురాతిపొడి చల్లినచో మంట వ్యాపింపజాలదను సత్యము ఐరోపా, అమెరికా దేశములందు స్థిరపడి, చట్టములలోనికి కూడ ఎక్కినది. వెస్ట్రేలో లోపించినది విజ్ఞానము కాదు. ఎనుబదియారు సంవత్సరముల వయసు గల విజ్ఞానమును ఆచరణలో పెట్టు సంకల్పము.

డ్రేగర్‌మెన్ అని పిలువబడు రక్షకదళములు శ్వాసయంత్రములు ధరించి, విషవాయువుల నడుమ, కూలుచున్న కప్పుల క్రింద, అయిదారు దినములు వెదకి, 15 మంది దేహములను వెలికి తెచ్చిరి. ఇంకను లోపలికి పోవుట రక్షకుల ప్రాణములకే ముప్పు అని తేలగా, మే 14వ తేదీన అన్వేషణ నిలిపివేయబడెను. మిగిలిన 11 మంది నేటికిని ఆ గనిలోనే యున్నారు.

న్యాయస్థానములు, విచారణ సంఘము

తరువాతి కథ రెండు మార్గములలో నడచెను, ఒకదానికొకటి అడ్డువచ్చెను. కార్మికరక్షణ చట్టము క్రింద 1992 అక్టోబరులో మోపబడిన 52 అభియోగములు, క్రిమినలు విచారణకు భంగము కలుగునను కారణమున, కొన్ని నెలలలోనే విడతలుగా ఉపసంహరింపబడెను. 1993లో కంపెనీ మీదను, ఇద్దరు నిర్వాహకుల మీదను నరహత్యా, నేరపూరిత నిర్లక్ష్య అభియోగములు దాఖలయ్యెను. 1995లో, ప్రాసిక్యూషను పక్షము తన వద్దనున్న సాక్ష్యమును ప్రతివాదులకు సకాలమున వెల్లడింపలేదను కారణముతో విచారణ నిలుపబడెను. 1997లో సుప్రీంకోర్టు క్రొత్త విచారణకు ఆజ్ఞాపించినను, 1998 వేసవిలో, శిక్షపడు అవకాశము తగినంత లేదని ప్రాసిక్యూషను అభియోగములను విరమించుకొనెను. 26 మంది మరణమునకు న్యాయస్థానములో ఎవరును దోషిగా నిరూపింపబడలేదు.

రెండవ మార్గము న్యాయమూర్తి కె. పీటర్ రిచర్డ్ నేతృత్వమందలి విచారణ సంఘము. ప్రమాదము జరిగిన వారము లోపలనే ఏర్పడినను, క్రిమినలు విచారణతో ముడిపడిన అభ్యంతరములవలన అది సాక్ష్యము వినుట 1995 నవంబరు వరకు ఆలస్యమయ్యెను. 71 మంది సాక్షులను 76 దినములు విని, 1997 చివర నాలుగు సంపుటముల నివేదికను 74 సిఫారసులతో వెలువరించెను. ముందుగనే ఊహింపదగిన మార్గమున సాగి వచ్చిన విపత్తు ఇది అను భావమునే ఆ నివేదిక తన శీర్షికలో ప్రకటించినది. కంపెనీ ప్రధానాధికారులు రాష్ట్రము వెలుపల నుండుటచే, సాక్ష్యమిచ్చుటకు రప్పింపబడలేకపోయిరి. ఆ లోపము నివేదిక బలమును తగ్గింపలేదుకాని, దాని కథనములో ఒక శూన్యమును మిగిల్చినది.

నాలుగు వాదములు

మొదటిది ప్రకృతివాదము. ఫోర్డ్ పొర వంటి బొగ్గును భూగర్భమున త్రవ్వుట ఎంత జాగ్రత్తపడినను ప్రాణాంతకమే యనియు, అట్టి చోట గని తెరచినప్పుడే విపత్తు నిశ్చితమైనదనియు దీని సారము. పిక్టో పూర్వచరిత్ర దీనికి ముఖ్యమైన ఆధారము. అయితే ఈ వాదము రెండువిధములుగా ఉపయోగపడుచున్నది: కొందరు, మానవదోషమును తగ్గించి చూపుటకు, మరికొందరు, ఇంత తెలిసియు గనికి అనుమతి ఇచ్చిన వారి దోషమును పెంచి చూపుటకు. అందుచేత ఇది స్వతంత్రముగా ఎవరిని దోషులుగా గాని నిర్దోషులుగా గాని తేల్చజాలదు.

రెండవది కార్మికప్రవర్తన వాదము. డోనల్డ్ కామెరాన్, విచారణ సంఘము ఎదుట, గని ప్రేలుటకు ఆ ఉదయము లోపల జరుగుచున్న పనులే కారణమను అర్థము వచ్చునట్లు సాక్ష్యమిచ్చెను. యంత్రపు మీథేన్ పరికరమును తారుమారు చేసినవారు, నిషిద్ధమైన జ్వాలలు వాడినవారు కార్మికులే కదా అనునది ఈ పక్షపు తర్కము. దీనికి సమాధానముగా, ఆ పనులు పైవారికి తెలిసియు, కొన్ని పైవారి ఆజ్ఞచేతను జరిగినవనియు, ప్రశ్నించిన వానికి ఉద్యోగము దక్కదను భయము నిత్యము వ్యాపించియుండెననియు అనేకమంది కార్మికులు చెప్పిరి. షాన్ కామిష్ అను గనికార్మికుడు 1993లో ప్రకటించిన గ్రంథము ఈ విషయమున కార్మికపక్షపు ప్రథమ లిఖితసాక్ష్యములలో నొకటి. న్యాయమూర్తి రిచర్డ్ ఈ రెండవ వాదమును పూర్తిగా త్రోసిపుచ్చెను.

మూడవది యాజమాన్యదోషవాదము. విచారణ సంఘపు మూలసిద్ధాంతము ఇదియే. గాలిప్రసారము, రాతిపొడి, శిక్షణ, పైకప్పు రక్షణ అనువానిని నిర్లక్ష్యము చేసి, ఉత్పత్తినే ధ్యేయముగా పెట్టుకొన్న నిర్వాహకులే ప్రధాన బాధ్యులనియు, వారిని అదుపులో ఉంచవలసిన రెండు ప్రభుత్వశాఖలు, అనగా గని ప్రణాళికను పరిశీలింపవలసిన ప్రకృతివనరుల శాఖయు, లోపలి భద్రతను తనిఖీ చేయవలసిన కార్మికశాఖయు, తమ విధులను విడిచిపెట్టినవనియు నివేదిక తేల్చినది. మే నెలకు ముందే చిన్నచిన్న హెచ్చరికలు కుప్పలుగా ప్రోగైయున్నను ఎవరును వానిని కలిపి చదువలేదను దృష్టిలో, పెనువిపత్తులు చిరకాలము గర్భములో పెరిగి బయటపడునని బ్రిటిషు సమాజశాస్త్రజ్ఞుడు బారీ టర్నర్ 1978లో చేసిన సూత్రీకరణకు వెస్ట్రే అచ్చమైన ఉదాహరణము.

నాలుగవది రాజకీయార్థిక వాదము. న్యాయశాస్త్రపండితులైన హ్యారీ గ్లాస్‌బీక్, ఎరిక్ టక్కర్ అనువారు, భద్రత విషయమున యజమానికిని కార్మికునికిని హితము ఒకటే యను భావనపైన నిలిచిన నియంత్రణ పద్ధతియే ఈ మరణములకు మూలమని వాదించిరి. లాభమును ఆశించువాడు ఒకడును, ప్రాణమును ఒడ్డువాడు మరియొకడును అయినప్పుడు, ఇరువురును సమానులైనట్లు భావించి చర్చలమీదను నచ్చజెప్పుటమీదను ఆధారపడిన తనిఖీ నిరుపయోగమని వారి సిద్ధాంతము. పాత్రికేయుడు డీన్ జాబ్ 1994లో ప్రకటించిన గ్రంథము, ప్రజాధనము ఈ గనికి ప్రవహించిన తీరును వివరించినది. సమాజశాస్త్రజ్ఞుడు జాన్ మెక్‌మల్లన్, పత్రికలు మొదట ఈ సంఘటనను శోకకథగాను, వీరగాథగాను చిత్రించి, నేరముగా చూచుటకు జంకిన విధమును పరిశీలించెను.

తులనాత్మకముగా చూచినచో

ఈ నాలుగింటిని మూడు ప్రశ్నల ముందు నిలిపినప్పుడు వాని పరిధులు ఇట్లు తేలును.

ప్రకృతివాదము మీథేన్ ఏల ఊరినదో చెప్పును. అది ఏల తొలగింపబడలేదో చెప్పదు. కావున రెండవ ప్రశ్నలో సగమునకు మాత్రమే అది సమాధానము.

కార్మికప్రవర్తన వాదము చేయి ఎవరిదో చెప్పును. ఆ చేతిని నడపిన నిర్బంధమును చెప్పదు. మొదటి ప్రశ్న చుట్టును తిరుగుచు, మూడవదానిని తప్పించుకొనును. నాలుగింటిలో మిక్కిలి బలహీనమైనది ఇదియే. ఏలయనగా, రవ్వ పుట్టుట కోతపనిలో సహజము, రవ్వ అంటుకొనుటకు తగిన వాయువు నిలిచియుండుట అసహజము.

యాజమాన్యదోషవాదము రెండవ ప్రశ్నకు సంపూర్ణమైన సమాధానము నిచ్చుచున్నది. మూడవదానికి కూడ, తనిఖీశాఖల వైఫల్యము వరకు వచ్చి ఆగును.

రాజకీయార్థిక వాదము మూడవ ప్రశ్నయందే తన బలమును చూపును: తనిఖీశాఖలు ఏల విఫలమైనవి అను ప్రశ్నను అది వదలదు. అయితే, అవే చట్టముల క్రింద, అవే ఆర్థికస్థితులలో, సురక్షితముగా నడచిన గనులు కూడ కలవు కదా అను ఆక్షేపణకు దాని సమాధానము బలహీనము.

ఇట్లు చూడగా, మూడవ, నాలుగవ వాదములు ప్రత్యర్థులు కావు. ఒకటి ఆగినచోట రెండవది మొదలగుచున్నది. పండితలోకమున ఇవి శత్రుపక్షములుగా నిలుచుటవలననే వివాదము చిక్కువడినది.

చట్టమునందు కలిగిన మార్పు

న్యాయస్థానములందలి వైఫల్యము శాసనసభలలో ఫలించినది. నోవాస్కోషియా 1996లో నూతన కార్మికరక్షణ చట్టమును చేసెను. మృతుల కుటుంబములును, ప్రమాదము తరువాత ఈ గని కార్మికులను తనలో చేర్చుకొన్న యునైటెడ్ స్టీల్‌వర్కర్స్ సంఘమును సంవత్సరముల తరబడి చేసిన పోరాటము ఫలితముగా, కెనడా పార్లమెంటు 2003లో సి-45 అను బిల్లును ఆమోదించెను. వెస్ట్రే శాసనమని జనులు పిలుచు ఆ చట్టము 2004 మార్చి 31వ తేదీన అమలులోనికి వచ్చినది. ఇతరుల పనిని నడిపించు ప్రతివ్యక్తికిని, ఆ పనివలన శరీరహాని కలుగకుండ తగిన జాగ్రత్త వహింపవలసిన బాధ్యతను అది క్రిమినలు స్మృతిలో చేర్చినది. సంస్థను దోషిగా నిరూపించుటకు ఏకైక ప్రధానాధికారి మనస్సును వెదకవలసిన అగత్యమును తొలగించినది.

దాని ఫలితములను గూర్చి అభిప్రాయభేదము కలదు. టొరాంటో నగరమున 2009 డిసెంబరులో మంచె విరిగి నలుగురు కూలీలు మరణించిన మెట్రాన్ అను సంస్థ వ్యవహారమున, మొదట 2,00,000 డాలర్లుగా విధింపబడిన జరిమానాను అప్పీలు న్యాయస్థానము 7,50,000కు పెంచెను. పని నడపిన నిర్వాహకునికి మూడున్నర సంవత్సరముల జైలుశిక్ష పడెను. ఇట్టివి చట్టమునకు దంతములు కలవని చూపుచున్నవని ఒక పక్షము. పనిచోట మరణములు ఏటేట వందలలో నుండగా అభియోగములు మిక్కిలి అరుదుగా నుండుటయు, అవియు చిన్నసంస్థలమీదనే ఎక్కువగా పడుటయు చట్టపు వైఫల్యమేయని రెండవ పక్షము. వెస్ట్రే వంటి పెద్దసంస్థ ప్రధానాధికారిని ఈ చట్టము ఎన్నడైన చేరగలదా అను ప్రశ్నకు అనుభవము ఇంకను సమాధానము నీయలేదు.

సోదర ఉదాహరణములు

న్యూజీలాండులోని పైక్ రివర్ గని ఈ చర్చకు విశేషముగా ఉపకరించును. అదియు క్రొత్తగని, అదియు మీథేన్ గలది, అదియు అనుకొన్న ఉత్పత్తిని అందుకొనలేక ఋణభారముతో తొందరపడినది. 2010 నవంబరు 19న ప్రేలి 29 మందిని బలిగొన్నది. మరల ఒక ప్రభుత్వ విచారణ సంఘము, మరల విఫలమైన అభియోగములు, మరల 2015లో ఒక నూతన చట్టము. 2013లో ధనము చెల్లింపుతో ముడిపెట్టి అభియోగములు విరమించుకొనుట చట్టవిరుద్ధమని ఆ దేశపు సుప్రీంకోర్టు 2017లో తీర్పిచ్చినది. భూమికి అటువైపు, పదునెనిమిది సంవత్సరముల తరువాత, ఇంత పోలిక కలుగుట ప్రకృతివాదమును బలహీనపరచి, సంస్థల నిర్మాణములోనే దోషమును వెదకుమని హెచ్చరించుచున్నది.

నోవాస్కోషియాలోనే కేప్ బ్రెటన్ ద్వీపమున డాంకిన్ గని 2017లో ఉత్పత్తి ఆరంభించి, 2020లో మూతపడి, 2022లో తెరువబడి, పైకప్పు విరిగిపడుటలచే 2023లో మరల నిలిచిపోయినది. వెస్ట్రే అనంతరపు నియమములు అచట అధికారులను పలుమారులు పని ఆపించునట్లు చేసినవి. ఆపుటయే భద్రత అనువారును, ఆపుటవలన గని బ్రతుకలేదనువారును పిక్టోలో వినబడిన పాతవాదములనే మరల వినిపించుచున్నారు.

మనదేశమున, సింగరేణి గనులతో శతాబ్దికి పైబడిన పరిచయము గల తెలుగువారికి ఈ చర్చ దూరపుది కాదు. సింగరేణి సంస్థలో తెలంగాణ ప్రభుత్వమునకు 51 శాతము, కేంద్రమునకు 49 శాతము వాటా కలదు. భద్రతను తనిఖీ చేయు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ మైన్స్ సేఫ్టీ మాత్రము ధన్‌బాద్ కేంద్రముగా, కేంద్ర కార్మికశాఖ క్రింద నున్నది. గని నడపు సంస్థను, తనిఖీ చేయువారిని వేరుచేయు ఈ ఏర్పాటు మంచిదే. అయితే వెస్ట్రేలో కూడ అనుమతి ఒక శాఖది, తనిఖీ వేరొక శాఖది. అంతమాత్రమున రక్షణ లభింపలేదు. రెండు శాఖలును ఒకే మంత్రివర్గపు సంకల్పమునకు లోబడినవి గనుక, వాని నడుమనున్న ఖాళీలోనే గని జారిపడినది. కాగితముమీది విభజన చాలదు, స్వతంత్రముగా పని ఆపించు ధైర్యమును కాపాడు వ్యవస్థ కావలెనను పాఠము ఇచటికిని వర్తించును.

తేలని ప్రశ్నలు

చర్చలో ఇంకను తేలవలసినవి ప్రధానముగా మూడు.

ఒకటి, ఫోర్డ్ పొరలో ఆధునికపద్ధతులతో సురక్షితమైన భూగర్భగని సాధ్యమా అనునది. స్టెల్లార్టన్ వద్ద తరువాతి కాలమున ఉపరితలపు త్రవ్వకము జరిగినది; అది ప్రశ్నను తప్పించినదేకాని పరిష్కరింపలేదు. సాధ్యమే అనినచో నిర్వాహకుల దోషము హెచ్చును. అసాధ్యమనినచో అనుమతించినవారి దోషము హెచ్చును. ఏ సమాధానమునను దోషము లేకపోదని మాత్రము చెప్పవచ్చును.

రెండు, భయముతో పనిచేసినవాని సమ్మతికి విలువ ఎంత అనునది. అపాయకరమైన పనిని నిరాకరించు హక్కు ఆ నాటి చట్టములోను కలదు. వెస్ట్రేలో అది దాదాపుగా నిరుపయోగమైనది. నిరుద్యోగమున మునిగిన మండలమున, సంఘబలము లేని కార్మికునికి కాగితముమీది హక్కు ఎంతవరకు హక్కు? ఈ ప్రశ్నను విచారణ సంఘము స్పృశించినది, శాసనము తప్పించుకొన్నది.

మూడు, తానే పూచీపడిన గనిని ప్రభుత్వము తానే మూసివేయగలదా అనునది. గని నిలిచిన ప్రతిదినమును ప్రజాధనమునకే నష్టము కలుగునప్పుడు, ఆపుమని చెప్పవలసిన తనిఖీ అధికారి ఎవరి ప్రయోజనమునకు ఎదురు నిలువవలెను? ఈ అంశమునందు విచారణ నివేదిక శాఖలను గట్టిగా విమర్శించినను, పథకమును నడపిన రాజకీయ సంకల్పము వద్దకు వచ్చునప్పటికి దాని స్వరము తగ్గినదని విమర్శకులు తలచుచున్నారు. ఆ విమర్శ న్యాయమైనదే.

ఉపసంహారము

వెస్ట్రే వివాదములో మొదటి రెండు ప్రశ్నలు తేలినవని నిస్సంశయముగా చెప్పవచ్చును. రవ్వ యంత్రమునుండి పుట్టినది. వాయువును ధూళియు నిర్వాహకుల నిర్లక్ష్యమున నిలిచినవి. వీనిని మరల మరల త్రవ్వుచుండుటవలన మూడవ ప్రశ్న మరుగునపడుచున్నది. ప్రజాధనముతో ప్రమాదకరమైన పరిశ్రమను ప్రోత్సహించు ప్రభుత్వము, తన చేతులలోనే ఉన్న తనిఖీ అధికారమును ఆ పరిశ్రమకు విరుద్ధముగా ప్రయోగింపగల స్థితిలో ఉండవలెనన్నచో, ఆ అధికారము ధనమిచ్చు మంత్రివర్గము చేతినుండి తొలగి, శాసనసభకు నేరుగా జవాబు చెప్పు స్వతంత్రసంస్థకు చేరవలెను. పని నిలిపిన అధికారిని గాని, పని నిరాకరించిన కార్మికుని గాని శిక్షించుట నేరముగా పరిగణింపబడవలెను. ఈ రెండు మార్పులును పరిపూర్ణముగా ఆచరణలోనికి రావలసియున్నవి. ఇక మీదట ఈ వివాదమును కొనసాగింపబూనువారు తమ శక్తియంతయు వినియోగింపవలసినది ఆ రెంటి సాధనకే.